యాక్సిడెంట్ తర్వాత ఆసుపత్రి ఖర్చు: ఏ డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది?

బైక్ మీద నుంచి పడి రక్తం కారుతున్న మనిషిని క్యాజువాలిటీలోకి తీసుకెళ్లిన పది నిమిషాల్లోనే, బయట నిలబడ్డ ఇంటివాళ్లను నాలుగు ప్రశ్నలు అడుగుతారు. దెబ్బ ఎలా తగిలింది? రేషన్ కార్డు ఉందా? ఇన్సూరెన్స్ ఉందా? ఇప్పుడు ఎంత కట్టగలరు? ఆ టెన్షన్‌లో నాలుగూ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి. కానీ ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో చట్టమో పథకమో ఉంది. దేని గడువు దానిదే. ఆ గంటలో ఇచ్చిన జవాబుల మీదే తర్వాత రెండు మూడేళ్ల లెక్క నడుస్తుంది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గాయపడినవాళ్లు 4,43,366 మంది. చనిపోయినవాళ్లలో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. చనిపోయినవాళ్ల గురించి మరుసటి రోజు పేపర్లో వస్తుంది. బతికి బయటపడి, కాలులో రాడ్‌తో ఇంటికి చేరి, నాలుగు నెలలు మంచం మీద ఉన్నవాళ్ల గురించి ఎక్కడా రాదు. హైదరాబాద్‌లో ఇలాంటి ఇల్లు లేని బస్తీ ఉండదు. ఆ ఇంట్లో అడిగితే చెబుతారు: దెబ్బ మానింది, అప్పు మానలేదని.

చట్టం ప్రకారం రావాల్సిన డబ్బు చాలా సందర్భాల్లో ఉంది. ఆ డబ్బు వచ్చే వేళకూ, బిల్లు కట్టాల్సిన వేళకూ పొంతన లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. ఆసుపత్రి ఈ రాత్రే అడ్వాన్స్ అడుగుతుంది. గుద్దిన బండి ఇన్సూరెన్స్ కంపెనీ కోర్టు తీర్పు వచ్చాక ఇస్తుంది. ఈ మధ్యకాలాన్ని మిత్తికి తెచ్చిన డబ్బు, తాకట్టు పెట్టిన బంగారం నింపుతాయి. కాబట్టి ఏ డబ్బు వెంటనే పనికొస్తుంది, ఏది తర్వాత వస్తుంది, ఏది దేనికి అడ్డం పడుతుంది అన్నది ముందే తెలిసి ఉండాలి.

మొదటి గంటలో రాసే రెండు లైన్లు

ముందుగా, వైద్యం కోసం పోలీసు కాగితం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ప్రమాదంలో గాయపడిన మనిషికి ముందు వైద్యం చేయాలి, ఫార్మాలిటీలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా డాక్టర్ల మీద ఇదే బాధ్యత పెట్టింది. గాయపడ్డవాళ్లను తీసుకొచ్చిన దారిన పోయేవాళ్లను సాక్షిగా ఉండమని, పేరు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన ఈ రక్షణను 2019 సవరణతో 134ఏ సెక్షన్‌గా చట్టంలోనే చేర్చారు. కేసులో ఇరుక్కుంటామన్న భయంతో పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ మాట మళ్లీ మళ్లీ చెప్పాలి.

ఆ తర్వాత వచ్చేది ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు నమోదు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ఒక రిజిస్టర్‌లో రాస్తారు: ఎన్ని గంటలకు వచ్చారు, ఎక్కడ ఎలా జరిగిందని చెబుతున్నారు, ఏ గాయాలున్నాయి. ఆ సమాచారం పోలీస్ స్టేషన్‌కు వెళుతుంది. చాలా కుటుంబాలు ఇక్కడే నష్టపోతున్నాయి. పోలీసుల గొడవ ఎందుకని, లైసెన్స్ లేదని, హెల్మెట్ పెట్టుకోలేదని, గుద్దినాయన ఖర్చంతా నేనే పెట్టుకుంటానని బతిమాలాడని, "స్కిడ్ అయి పడిపోయాడు" అని చెప్పేస్తారు. రెండు రోజులయ్యాక బిల్లు లక్ష దాటుతుంది, గుద్దినాయన ఫోన్ ఎత్తడు. అప్పుడు స్టేషన్‌కు వెళ్లి కారు గుద్దిందని ఫిర్యాదు ఇస్తారు. ఏడాదికో రెండేళ్లకో, ప్రమాద పరిహారం కేసులు తేల్చే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు మొదట తెరిచే కాగితం ఆ ఎంఎల్‌సీ రిజిస్టరే. తానే పడిపోయాడని అందులో రాసి ఉంటే, ఆ తర్వాత చెప్పిన నిజాన్ని కూడా కల్పించిన కథే అంటారు.

హెల్మెట్ లేకపోవడం, లైసెన్స్ లేకపోవడం వేరే నేరాలు. ఎదుటి బండి తప్పు వల్ల వచ్చే పరిహారం వాటితో పూర్తిగా పోదు. కొంత తగ్గితే తగ్గవచ్చు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పడమే మేలు. బండి నంబర్ తెలిస్తే అప్పుడే రాయించాలి, తెలియకపోతే తెలియదనే రాయించాలి.

కొత్త నగదు రహిత పథకం ఎంతవరకు ఆదుకుంటుంది?

గాయం తగిలిన మొదటి గంటను చట్టం "గోల్డెన్ అవర్" అంటుంది. ఆ సమయంలో నగదు లేకుండా వైద్యం అందించే పథకం పెట్టాలని 2019 సవరణలో 162వ సెక్షన్ చెప్పింది. పథకం ఏళ్ల తరబడి రాలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు గడువు పెట్టి అడిగాక, 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసింది. దీని ప్రకారం మోటారు వాహనం వల్ల రోడ్డు మీద గాయపడ్డ ఎవరికైనా, ప్రమాదం జరిగిన రోజు నుంచి గరిష్ఠంగా 7 రోజులు, 1.5 లక్షల రూపాయల వరకు, పథకంలో ఉన్న ఆసుపత్రిలో వైద్యం అందాలి. ధనికులా పేదలా అని చూడరు. తప్పు ఎవరిదని కూడా చూడరు. పథకంలో లేని ఆసుపత్రికి ముందు చేరితే, పరిస్థితి నిలకడగా మారే వరకు అయ్యే వైద్యం మాత్రమే దీని కిందికి వస్తుంది. ప్రమాదం జరిగిన మాట నిజమేనని పోలీసులు ధ్రువీకరించాలి. ఎంఎల్‌సీలో సరిగ్గా రాయించడం ఇక్కడ కూడా పనికొస్తుంది.

ఈ పథకాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. తప్పెవరిదో తేలేదాకా ఆగకుండా డబ్బు వచ్చే దారి మన చట్టంలో ఇంత విశాలంగా ఇంతకుముందు లేదు. కానీ 7 రోజులు అన్నది గాయాన్ని చూసి పెట్టిన లెక్కలా లేదు. తొడ ఎముక విరిగి, చర్మం తెగకుండా, వేరే దెబ్బలు లేని యువకుడికి రాడ్ వేసి వారంలోపు ఇంటికి పంపగలరు. ఆ మనిషికి పథకం సరిపోవచ్చు. మోకాలి కింద ఎముక విరిగి చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తే కథ వేరు. మట్టి, కంకర చేరిన గాయాన్ని థియేటర్‌లో కడగాలి. బయటి నుంచి కమ్మీలతో ఎముకను నిలబెట్టాలి. రెండు మూడు రోజులకు మళ్లీ కడగాలి. ప్లాస్టిక్ సర్జన్ వచ్చి కండతో, చర్మంతో కప్పాలి. ఆ తర్వాతే లోపల రాడ్. ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ మొదటికి. 7 రోజులు అయ్యేసరికి అసలు ఆపరేషన్ ఇంకా జరిగి ఉండకపోవచ్చు. తలకు దెబ్బ తగిలి వెంటిలేటర్ మీద ఉన్న మనిషికైతే మొదటి వారం ఆరంభం మాత్రమే. మెదడు వాపు కోసం పుర్రె ఎముక ముక్క తీస్తే, దాన్ని తిరిగి పెట్టడానికి కొన్ని నెలల తర్వాత ఇంకో ఆపరేషన్, ఇంకో అడ్మిషన్.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

ఆపరేషన్ ఖర్చే పెద్దదని అనుకుంటాం. ఆపరేషన్ ఒక్కసారి అయ్యే ఖర్చు. ఐసీయూ రోజూ అయ్యే ఖర్చు. బెడ్, వెంటిలేటర్, మానిటర్, రోజువారీ రక్తపరీక్షలు, ఖరీదైన యాంటీబయాటిక్స్ కలిసి ఒక్కో రోజును బిల్లులో బరువుగా మారుస్తాయి. కాబట్టి ఆసుపత్రిలో ఎన్ని రోజులు అన్నదే పెద్ద ప్రశ్న. ఆ రోజుల సంఖ్య గాయం మీద మాత్రమే ఆధారపడదు. మోకాలి దగ్గర ఎముక విరిగితే వాపు తగ్గేదాకా వారం పది రోజులు ఆగాల్సి రావచ్చు, అది వైద్యపరంగా అవసరం. రద్దీ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో థియేటర్ వంతు కోసం ఆగడం వేరు. డబ్బు సర్దుబాటు కాక ఆపరేషన్ వాయిదా పడటం ఇంకా వేరు. మూడింటిలోనూ మంచం ఒకటే, రోజులు అవే.

ఇంప్లాంట్ల గురించి కూడా చెప్పాలి. మోకీలు మార్పిడి ఇంప్లాంట్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టింది. యాక్సిడెంట్ కేసుల్లో వేసే ప్లేట్లు, స్క్రూలు, రాడ్లకు అలాంటి గరిష్ఠ ధర లేదు. మోకీలు మార్పిడి చాలావరకు ముందే అనుకొని చేయించుకునే ఆపరేషన్, నాలుగు చోట్ల అడిగి చూసుకునే తీరిక ఉంటుంది. స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి ఆ తీరిక లేదు. రక్షణ ఎక్కువ కావాల్సిన చోటే లేకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కనీసం ఏ కంపెనీ ఇంప్లాంట్, ఎంఆర్‌పీ ఎంత అన్నది ఆపరేషన్‌కు ముందే అడగండి. ఇంప్లాంట్ స్టిక్కర్‌ను కేస్ షీట్‌లో అంటిస్తారు, దాని కాపీ డిశ్చార్జ్ రోజున తీసుకోండి.

ప్రభుత్వ ఆసుపత్రికీ ప్రైవేటుకూ తేడా ఎంత? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం, ప్రసవాలు మినహాయించి అన్ని రకాల జబ్బులూ కలిపి, ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే అయిన సగటు వైద్య ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. దేశం మొత్తం మీద సగటు ఇది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో ఐసీయూలో ఉన్న యాక్సిడెంట్ పేషెంట్ బిల్లును ఈ అంకెతో పోల్చలేం. కానీ ఏడింతల తేడా చాలు, ఎక్కడ చేర్చాలన్న నిర్ణయం ఎంత పెద్దదో తెలియడానికి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. నిమ్స్ కొంత చార్జీలు తీసుకుంటుంది, అయినా కార్పొరేట్ ధరలు కావు. తీవ్రమైన ట్రామా కేసులు రోజూ చూసే అనుభవం ఈ మూడింటికీ ఉంది.

అయితే ఉచితం అన్నచోట కూడా ఖర్చు ఉంటుంది. పేషెంట్‌తో ఇద్దరు ఉండాలి, ఒకరు లోపల, ఒకరు మందులకు, స్కానింగ్‌కు, రక్తం కోసం తిరగడానికి. ఆ ఇద్దరి కూలీ పోతుంది. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాళ్లయితే బస్సు చార్జీలు, నిద్ర ఆరుబయట. ఆసుపత్రుల దగ్గర 5 రూపాయల భోజనం చాలామందికి నిజంగా ఆసరా. ఇవేవీ ఏ బిల్లులోనూ ఉండవు కాబట్టి తర్వాత ఎవరూ తిరిగి ఇవ్వరు.

ఏ తలుపు ముందు తట్టాలి?

ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ప్రమాద గాయాల చికిత్సలు ఇందులో ఉన్నాయి. చిక్కల్లా క్రమంలో ఉంది. ముందు నగదు కట్టి, తర్వాత కార్డు చూపిస్తే కట్టిన డబ్బు సాధారణంగా తిరిగి రాదు, ఎందుకంటే ఇది రీయింబర్స్‌మెంట్ పథకం కాదు. కాబట్టి అడ్వాన్స్ కట్టకముందే ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా, ఈ విభాగానికి ఉందా అని ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగాలి. నెట్‌వర్క్ ఆసుపత్రి అయినా ఎముకల విభాగం లేకుండా ఉండొచ్చు.

ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, సంగతి చాలామంది మరచిపోతారు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి, జీతంలోంచి ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్లకు సనత్‌నగర్ ఆసుపత్రితో సహా వైద్యం ఉంది. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తూ, డ్యూటీ నుంచి వస్తూ జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగిన గాయంగానే చట్టం చూస్తుంది. అలా గుర్తిస్తే మంచం మీద ఉన్న రోజులకు జీతంలో దాదాపు 90 శాతం వస్తుంది. ఐటీ కారిడార్‌లో సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, షాపింగ్ మాల్ ఉద్యోగులు ఎందరో ఈ హక్కు ఉండి కూడా అడగరు. కాంట్రాక్టర్ చెప్పడు.

సొంతంగా కొనుక్కున్న హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే, యాక్సిడెంట్లకు మొదటి 30 రోజుల వెయిటింగ్ పీరియడ్ వర్తించదు. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద ఒక గంటలో, డిశ్చార్జ్ బిల్లు మీద మూడు గంటల్లో నిర్ణయం చెప్పాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. రూమ్ విషయంలో జాగ్రత్త. రోజుకు 5,000 పరిమితి ఉన్న పాలసీతో 10,000 గదిలో ఉంటే, గది అద్దెలో సగమే కాదు, డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీల లాంటివి కూడా అదే దామాషాలో కోయవచ్చు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద మాత్రం అలా కోయకూడదు. అక్కడ కోస్తే గట్టిగా అడగండి.

ఇక బండి ఇన్సూరెన్స్ గురించి ఉన్న అపోహ. థర్డ్ పార్టీ పాలసీ మన బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి. మనమే స్కిడ్ అయి పడితే ఆసుపత్రి ఖర్చుకు అది ఒక్క రూపాయి ఇవ్వదు. దానితో పాటు తీసుకునే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్ స్వయంగా నడుపుతున్నప్పుడు చనిపోయినా, కాలో చెయ్యో కన్నో పోయినా వర్తిస్తుంది. విరిగిన కాలు అతికించే ఖర్చుకు కాదు. స్నేహితుడి బండి తీసుకెళ్లి పడితే అదీ ఉండదు. వానాకాలంలో నీళ్ల కింద గుంత కనపడక పడ్డ డెలివరీ కుర్రాడికి, ఈఎస్ఐ లేక, హెల్త్ పాలసీ లేక, మిగిలేవి కొత్త నగదు రహిత పథకం, ఆరోగ్యశ్రీ, ప్రభుత్వ ఆసుపత్రి. గుద్దిన బండి లేదు కాబట్టి ట్రిబ్యునల్ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

గుద్ది ఆపకుండా వెళ్లిపోయిన బండి అయితే, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇస్తారు. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. దరఖాస్తు తహసీల్దారు లేదా ఆర్డీవో స్థాయి అధికారికి. ఈ పథకం గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఇవేవీ దొరకనివాళ్లకు ముఖ్యమంత్రి సహాయ నిధి. నిమ్స్ లాంటి చోట ఎస్టిమేషన్ తీసుకొని ముందే ఎల్‌ఓసీ, అంటే ఖర్చుకు నిధి ఇచ్చే హామీ పత్రం, తెచ్చుకోవచ్చు. ప్రైవేటులో కట్టేసిన బిల్లులకైతే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెడతారు. కట్టినదంతా వస్తుందని ఆశ పెట్టుకోకూడదు, అది హక్కుగా వచ్చే డబ్బు కాదు.

ఒరిజినల్ బిల్లులు ఒక్కటే సెట్

బయటినుంచి చూస్తే చిన్నదిగా కనిపించే పెద్ద సమస్య ఇది. హెల్త్ ఇన్సూరెన్స్ రీయింబర్స్‌మెంట్‌కు ఒరిజినల్ బిల్లులు కావాలి. సహాయ నిధికీ ఒరిజినల్సే. ట్రిబ్యునల్‌లో ఖర్చు రుజువు చేయడానికీ ఒరిజినల్సే. ఉన్నది ఒక్క సెట్. తొందరలో సహాయ నిధికి ఇచ్చేసి, ఏడాది తర్వాత వకీలు అడిగితే తెల్లముఖం వేసేవాళ్లు ఎందరో. ఏ ఆఫీసుకైనా ఇచ్చేముందు అన్నీ స్కాన్ చేసి, ఆసుపత్రి బిల్లింగ్‌లో స్టాంప్ వేయించిన ఇంకో సెట్ తీసుకోవాలి. ఒరిజినల్స్ ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. ఎవరు ఎంత ఇచ్చారో లెటర్ దాచుకుంటే, మిగతా మొత్తాన్ని ఇంకోచోట అడగడానికి అదే ఆధారం. మెడికల్ షాప్ చిట్టీ మీద పేషెంట్ పేరు లేకపోతే అది ఎక్కడా చెల్లదు. ఫిజియోథెరపీ, ఆటో, అంబులెన్స్ ఖర్చులకు కూడా రాతపూర్వక రసీదు అడగండి.

బిల్లు కట్టలేక డాక్టర్ వద్దన్నా డిశ్చార్జ్ చేయించుకుంటే, ఆ మాట డిశ్చార్జ్ సమ్మరీలో పడుతుంది. తర్వాత వచ్చిన ఇబ్బందులన్నీ మీ నిర్లక్ష్యమే అని వాదించడానికి అది అవకాశం ఇస్తుంది. దానికంటే వేరే ఆసుపత్రికి రిఫరల్ రాయించుకొని వెళ్లడం మంచిది. బిల్లు వివాదం ఉందన్న కారణంతో పేషెంట్‌ను ఆపి ఉంచకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం చెబుతోంది.

చివర వచ్చే పెద్ద డబ్బు

ఎదుటి బండి తప్పు ఉంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం అడగాలి. ప్రమాదం సూర్యాపేట దగ్గర జరిగినా, హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్లు ఇక్కడే కేసు వేయవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు వచ్చింది. ఆ గడువు మీద వివాదం సుప్రీంకోర్టుకు చేరింది, అయినా ఆరు నెలల్లోపే వేయడం క్షేమం. పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను ట్రిబ్యునల్‌కు ఇవ్వాలని నిబంధనలున్నాయి. అవి అందాయో లేదో స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి.

ట్రిబ్యునల్ ఇచ్చేది ఆసుపత్రి బిల్లు మాత్రమే కాదు. పోషకాహారం, ప్రయాణాలు, అటెండెంట్ ఖర్చు, పోయిన జీతం, నొప్పి, ముందుముందు అయ్యే వైద్యం, తగ్గిపోయిన సంపాదన, అన్నిటినీ విడివిడిగా చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. డాక్టర్ రాసిన వైకల్య శాతం ఒకటి, ఆ వైకల్యం వల్ల ఆ మనిషి సంపాదన ఎంత తగ్గిందన్నది ఇంకొకటి అని కూడా అదే తీర్పు చెప్పింది. కాలు సరిగ్గా వంగకపోతే ఆఫీసు గుమస్తాకు కలిగే నష్టం ఒకలా, ఆటో డ్రైవర్‌కు ఇంకోలా ఉంటుంది. లెక్క ఇలా ఉంటుంది: 28 ఏళ్ల మనిషి నెలకు 20,000 సంపాదిస్తున్నాడు, సంపాదనా శక్తి 30 శాతం తగ్గిందని తేలింది అనుకుందాం. ఏడాదికి 2,40,000లో 30 శాతం 72,000. ఏడాది నష్టాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గుణకం ఆ వయసుకు 17. మొత్తం 12,24,000. చాలా ఇళ్లలో ఆసుపత్రి బిల్లు కంటే ఇదే పెద్దది. కానీ నెలకు 20,000 వస్తుందని చూపే బ్యాంక్ స్టేట్‌మెంట్, యాప్ పేమెంట్ల రికార్డు, యజమాని లెటర్ లాంటివి లేకపోతే, కోర్టు కనీస వేతనం లాంటి తక్కువ అంకె పట్టుకుంటుంది.

భవిష్యత్ వైద్యం దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. కాలులో రాడ్ ఉంది, ఏడాదిన్నరకో రెండేళ్లకో తీయాల్సి రావచ్చు. ఎముక అతకకపోతే తుంటి నుంచి ఎముక తీసి పెట్టే ఆపరేషన్ అవసరం పడొచ్చు. తీర్పు వచ్చాక ఈ ఖర్చు కోసం కేసును మళ్లీ తెరవడం దాదాపు కుదరదు. కాబట్టి సాక్ష్యాలు ముగియకముందే, లోక్ అదాలత్‌లో రాజీకి సంతకం పెట్టకముందే, ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి వెళ్లి, ఇంకా ఏ చికిత్స కావాలి, ఈనాటి ధరల్లో ఎంతవుతుంది అని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఎస్టిమేషన్ రాయించుకొని వకీలుకు ఇవ్వండి.